మొటిమ పోయాక మిగిలింది మచ్చా, గుంటా? ముందు అది తేల్చుకోండి, తర్వాతే డబ్బు తీయండి

ఈ రోజు టాపిక్, మొటిమలు పోయాక మొహం మీద మిగిలిపోయే గుర్తులు. పింపుల్ వారం రోజులు ఉండి వెళ్లిపోతుంది. అది వదిలేసి వెళ్లేది మాత్రం కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు ఉంటుంది. పెళ్లిచూపులప్పుడు, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు, ఆఖరికి వీడియో కాల్‌లో కెమెరా ఆన్ చేయాలన్నా అదే గుర్తొస్తుంది. కాబట్టి ఇదేదో పైపై అందం గొడవలే అని కొట్టిపారేసే విషయం కాదు.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మైక్ ముందు కూర్చున్నవాణ్ణి. కాకపోతే బీటెక్ సెకండియర్ నుంచి ఈ సమస్య నా మొహం మీదే ఉంది. నాకు ట్రీట్‌మెంట్ చేసిన డెర్మటాలజిస్ట్ మేడమ్‌ని అడిగి తెలుసుకున్నవి, తర్వాత నేను చదివి సరిచూసుకున్నవి చెప్తాను. బ్రాండ్ పేర్లు చెప్పను, మందు పేర్లే చెప్తాను. ట్యూబ్ వెనక్కి తిప్పి చదువుకుంటే మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. మొహం కడుక్కుని, తుడుచుకుని, పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి. కళ్లు మూసుకుని, గుర్తు ఉన్న చోట చూపుడు వేలితో మెల్లగా తడమండి. వేలికి ఏమీ తగల్లేదు, చర్మం నున్నగానే ఉంది అంటే అది రంగు మచ్చ. వేలు చిన్న గుంటలోకి దిగినట్టు ఉంటే అది గుంట. గట్టిగా, ఎత్తుగా తగిలితే అది ఉబ్బు మచ్చ. మనం అన్నింటినీ కలిపి మచ్చలు అనేస్తాం. కానీ ఈ మూడింటికీ కారణం వేరు, మందు వేరు, అయ్యే ఖర్చు కూడా వేరు.

ఎందుకు వేరో చెప్తాను. మొటిమ అంటే చర్మం లోపల వాపు. ఆ వాపుకి చర్మం రియాక్ట్ అయ్యి మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువ తయారు చేస్తుంది. అదే గోధుమ రంగు, నలుపు మచ్చ. మనలాంటి ఛామనఛాయ చర్మంలో ఇది ఇంకా ఎక్కువ. కొందరికి ఎర్రగా మిగులుతుంది, అది లోపలి సన్నటి రక్తనాళాల వల్ల. ఈ రెండూ టైమ్ ఇస్తే చాలావరకు తగ్గుతాయి. నెలలు పడుతుంది, లోతుగా దిగిన రంగైతే ఏడాది దాటొచ్చు కూడా.

గుంట సంగతి అలా కాదు. వాపు చర్మం కింది పొరదాకా దిగినప్పుడు, అక్కడ చర్మాన్ని నిలబెట్టే కొలాజెన్ దెబ్బతింటుంది. మానేటప్పుడు పోయినంత కొలాజెన్ మళ్లీ తయారవ్వకపోతే, పైన చర్మం కిందికి కుంగుతుంది. ఇంట్లో గోడనే తీసుకోండి. గోడ మీద మరక పడితే పెయింట్ వేస్తే సరిపోతుంది. అదే పెచ్చు ఊడిపోతే? ఎన్ని కోట్లు పెయింట్ వేసినా గుంట గుంటలాగే కనిపిస్తుంది. రంగు మచ్చ అంటే మరక. గుంట అంటే పెచ్చు ఊడిన చోటు. సీరమ్‌లు, ఫేస్‌ప్యాక్‌లు అన్నీ పెయింట్ కిందికే వస్తాయి.

ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే డబ్బులు పోయేది. నాలుగు నెలలు సన్‌స్క్రీన్ పూస్తే తగ్గిపోయే రంగు మచ్చలకి లేజర్ ప్యాకేజీ కట్టేవాళ్లు ఉన్నారు. ఏ క్రీమూ నింపలేని గుంటలకి రెండేళ్లుగా సీరమ్ మీద సీరమ్ కొనేవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట. రంగు మచ్చయినా, గుంటయినా, కొత్త మొటిమలు వస్తూనే ఉంటే ముందు వాటిని ఆపాలి. నేను మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు గుంటల గురించే అడిగాను. మేడమ్ నా మొహం చూసి, "బాబూ, ముందు కొత్తవి రాకుండా చూద్దాం. గుంటల సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. కొళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం? ప్రతి పెద్ద మొటిమా రేపటి గుంట కావచ్చు. లోపల గడ్డలా, నొప్పితో వచ్చే రకం మీకుంటే, వెయిట్ చేసే ప్రతి నెలా నష్టమే. నాది అదే రకం. నాకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు రాశారు, మధ్యలో రక్త పరీక్షలు చేయించారు, పెదాలు బాగా ఎండిపోయాయి, నెలల తరబడి వాడాక కొత్తవి ఆగాయి. ఆ మాత్ర డాక్టర్ రాస్తేనే వాడాలి. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు, కడుపులో బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి.

అలాగే గిల్లడం. మొటిమని గిల్లితే చీము బయటికే వస్తుందని గ్యారంటీ లేదు, కొంత లోపలికీ పోతుంది, వాపు ఇంకా లోతుకి దిగుతుంది. వారంలో పోవాల్సినది గుంటై కూర్చుంటుంది.

సరే, ఇక ఇంట్లో ఏం చేయొచ్చో చూద్దాం. ఇది ముఖ్యంగా రంగు మచ్చలకి.

మొదటిది సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి పొడవునా గీత గీసినంత తీసుకుని మొహానికి, మెడకి రాయాలి. శనగగింజంత రాస్తే సీసా మీద రాసిన నంబర్ మీ మొహానికి రాదు. ఎండలో తిరిగేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. డెలివరీ చేసే తమ్ముళ్లు, బైక్ మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లు, హెల్మెట్ ఉంది కదా అని వదిలేయకండి. మన చర్మంలో కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా మచ్చని ముదురుగా చేస్తుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, కొంచెం రంగున్న సన్‌స్క్రీన్ దొరికితే ఇంకా మంచిది. ఫోన్ వెలుగు గురించి భయపెట్టే యాడ్స్ చూసి స్పెషల్ క్రీమ్‌లు కొనకండి, ఎండతో పోలిస్తే ఫోన్ నుంచి వచ్చేది చాలా తక్కువ.

రెండోది రాత్రిపూట అడపలీన్ 0.1 శాతం జెల్. ఇది కొత్త మొటిమల్ని ఆపుతుంది, మచ్చలు త్వరగా తేలికపడేలా కూడా చేస్తుంది. శనగగింజంత, మొహమంతటికీ పల్చగా. పూర్తిగా ఆరిన చర్మం మీద రాసి, పైన మాయిశ్చరైజర్ వేయండి. మొదట రోజు విడిచి రోజు. మొదటి వారాల్లో చర్మం పొట్టు లేస్తుంది, కొంచెం మండుతుంది. రెండు మూడు నెలలు వాడితేగానీ పనిచేసిందో లేదో చెప్పలేం. గర్భిణులు దీన్నీ వాడకూడదు. అడపలీన్ పడనివాళ్లకి అజెలాయిక్ యాసిడ్ ఉంది, అదీ మొటిమలకి, రంగు మచ్చలకి రెండింటికీ పనిచేస్తుంది. నియాసినమైడ్ కొంచెం సాయం చేస్తుంది, చర్మానికి సాధారణంగా పడుతుంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. కోడ్‌లో ఒకేసారి పది లైన్లు మార్చేస్తే ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఇదీ అంతే. ఒకటి మొదలుపెట్టి, నెల చూసి, అప్పుడు ఇంకోటి.

ఇక వంటింటి వైద్యం. నిమ్మకాయ చాలా పులుపు, అంటే గట్టి యాసిడ్. రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి, ఉన్న మచ్చ కంటే పెద్ద మచ్చ పడొచ్చు. వంటసోడా దానికి పూర్తి రివర్స్, చర్మం పైపొర రక్షణని పాడుచేస్తుంది. టూత్‌పేస్ట్ పళ్లకే. సున్నిపిండి మన అమ్మమ్మల కాలం నుంచి ఉంది, ఒంటికి హాయిగా వాడుకోండి. కానీ మొటిమలున్న మొహం మీద గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే మచ్చ పెరుగుతుంది. అమ్మ బలవంతం చేస్తే గొడవ పెట్టుకోకండి, చేతులకీ కాళ్లకీ రాయించుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది చాలా సీరియస్ విషయం, స్కిప్ చేయొద్దు. హైదరాబాద్‌లో నా రూమ్మేట్ ఒకడు మెడికల్ షాప్‌కి వెళ్లి, "అన్నా, మచ్చలు పోయే క్రీమ్ ఏదైనా ఇవ్వు" అన్నాడు. చిన్న ట్యూబ్ ఇచ్చారు. వారంలో మొహం మెరిసిపోయింది. రూమ్‌లో అందరూ ఏం వాడుతున్నావ్‌రా అని అడిగారు. మూడు నెలలకి మొహమంతా ఎర్రబడింది, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనిపించడం మొదలైంది. క్రీమ్ ఆపితే మంట, కొత్తగా గుంపులు గుంపులుగా మొటిమలు. మళ్లీ రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. దాని వెనక చూస్తే క్లోబెటసాల్ అని ఉంది. అది గట్టి స్టెరాయిడ్. వాడి చర్మం దారికి రావడానికి డాక్టర్ చేతిలో దాదాపు ఏడాది పట్టింది.

ఇది మన దేశంలో ఎంత ఎక్కువంటే, దీనికి డాక్టర్లు ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు, స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న మొహం అని. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీమ్‌లని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా అడిగితే చేతిలో పెట్టే షాపులు ఉన్నాయి. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినలోన్, ఈ పేర్లలో ఏది కనిపించినా డాక్టర్ చీటీ లేకుండా మొహానికి రాయొద్దు. హైడ్రోక్వినోన్ కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులే, సొంతంగా నెలల తరబడి వాడితే చర్మం నీలి నలుపుకి తిరుగుతుంది. ఇప్పటికే స్టెరాయిడ్ నెలలుగా వాడుతున్నవాళ్లుంటే కంగారుపడి ఒక్కసారిగా ఆపేయకుండా, ఈ వారమే డెర్మటాలజిస్ట్‌ని కలవండి. ఎలా తగ్గించాలో వాళ్లు చెప్తారు.

ఆన్‌లైన్‌లో దొరికే డెర్మా రోలర్ గురించి కూడా చెప్పాలి. పొట్టి సూదులుంటే గుంటదాకా చేరవు, పొడుగు సూదులుంటే ఇంట్లో శుభ్రంగా చేయలేం. ఇన్ఫెక్షన్, కొత్త మచ్చలు వస్తాయి. మొటిమల మీద తిప్పితే ఇన్ఫెక్షన్‌ని మొహమంతా పాకించినట్టే. ఫ్రెండ్ రోలర్ అయితే అసలే వద్దు, రక్తం ద్వారా వచ్చే జబ్బులు కూడా అంటుకోవచ్చు.

ఇక గుంటలు. ఇవి క్లినిక్‌లోనే. మళ్లీ వీటిలో మూడు రకాలున్నాయి. ఒకటి, సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేవి. ఐస్‌పిక్ అంటారు. రెండు, అమ్మవారు పోసినప్పుడు మిగిలే గుంటల్లా, అంచులు నిటారుగా ఉండేవి. బాక్స్‌కార్. మూడు, అలల్లా మెల్లగా కుంగినట్టు ఉండేవి. రోలింగ్. చాలామందికి రెండు మూడు రకాలు కలిసి ఉంటాయి. అందుకే ఒకే మెషీన్‌తో అన్నీ పోతాయి అని ఎవరైనా అంటే కొంచెం ఆగి ఆలోచించండి.

ఐస్‌పిక్‌కి టీసీఏ క్రాస్ చేస్తారు. గాఢమైన యాసిడ్‌ని సన్నటి పుల్ల మొనతో ఆ గుంట లోపల మాత్రమే పెడతారు, అక్కడ కొత్త కొలాజెన్ పుడుతుంది. 2002లో కొరియా డాక్టర్లు ఈ పద్ధతిని ప్రచురించారు. యూట్యూబ్ చూసి ఇంట్లో చేసే పని కాదిది, ఒక చుక్క పక్కకి జారితే కాలి కొత్త మచ్చ. మరీ లోతైన వాటిని కత్తిరించి ఒక కుట్టు వేసే పద్ధతి కూడా ఉంది.

రోలింగ్ రకంలో, చర్మాన్ని కింద నుంచి దారాల్లాంటివి లాగి పట్టి ఉంచుతాయి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సూదిని చర్మం కిందికి పంపి ఆ దారాల్ని తెంపుతారు. దాన్ని సబ్‌సిషన్ అంటారు. నాది ఎడమ బుగ్గ మీద ఇదే రకం. ఒకసారి సబ్‌సిషన్, తర్వాత నెలకోసారి నాలుగు సార్లు మైక్రోనీడ్లింగ్ చేశారు. సబ్‌సిషన్ తర్వాత వారం పైన బుగ్గ వాచి నీలంగా ఉంది, వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నా. ఆఫీసులో ప్రెజెంటేషన్ పెట్టుకుని ముందురోజు చేయించుకోకండి.

మైక్రోనీడ్లింగ్ అంటే మత్తు క్రీమ్ రాసి సన్నటి సూదులతో చర్మానికి చిన్న చిన్న గాయాలు చేయడం. ఆ గాయం మాన్పుకునే క్రమంలో శరీరం కొత్త కొలాజెన్ తయారు చేస్తుంది. వేడి ఉండదు కాబట్టి మన రంగు చర్మంలో నల్లబడే రిస్క్ లేజర్ కంటే తక్కువ. ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్ బాక్స్‌కార్ గుంటలకి బాగా పనిచేస్తుంది, కానీ వేడి వల్ల కొన్ని నెలలు నల్లబడే అవకాశం మనకి ఎక్కువ. డాక్టర్ సెట్టింగ్ తగ్గించి, ఎక్కువ సిట్టింగ్‌లలో చేస్తారు. తర్వాత ఎండ జాగ్రత్త మీ చేతిలో ఉంది. ఫిల్లర్ ఇంజెక్షన్ గుంటని వెంటనే లేపుతుంది, కానీ సాధారణంగా వాడే హైలురానిక్ రకం కొన్ని నెలలకి కరిగిపోతుంది.

దవడ, ఛాతీ, భుజాల మీద ఉబ్బు మచ్చలు వచ్చే తత్వం ఉన్నవాళ్లు, ఏ సూదికైనా ఒప్పుకునే ముందు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. గాయం చేస్తే మళ్లీ ఉబ్బు మచ్చే రావచ్చు. ఆ ఉబ్బు మచ్చల్లోకి డాక్టర్లు ఇచ్చేది స్టెరాయిడ్ ఇంజెక్షనే. ఇందాక మొహాన్ని పాడుచేసిన మందు జాతే ఇక్కడ పనికొస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎంత వాడారన్నదే తేడా.

ఎంత తగ్గుతాయి? పూర్తిగా పోవు. పోతాయని చెప్పేవాళ్లకి డబ్బులు కట్టకండి. కొలాజెన్ పెరగడానికి నెలలు పడుతుంది, చివరి సిట్టింగ్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు ఆగితేనే అసలు రిజల్ట్ తెలుస్తుంది. పెళ్లి డేట్ ఉన్నవాళ్లు పెళ్లికి నెల ముందు వెళితే వాపుతో పీటల మీద కూర్చోవాలి. కనీసం ఆరు నెలల ముందు వెళ్లండి, ఏడాది ముందైతే ఇంకా మంచిది.

డాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి? ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, ఈ మూడింట్లో ఒకటి ఉందా చూడండి. కొన్ని వారాల కాస్మెటాలజీ సర్టిఫికెట్ వీటికి సమానం కాదు. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం తప్పేం కాదు, మెడికల్ కౌన్సిల్ సైట్‌లో వెతికితే వస్తుంది. నాలుగు ప్రశ్నలు అడగండి. నా గుంటలు ఏ రకం? దానికి ఈ పద్ధతే ఎందుకు? నా రంగు చర్మానికి రిస్క్ ఏంటి? చేసేది మీరా, టెక్నీషియనా? వీటికి జవాబు చెప్పకుండా ఈరోజే ప్యాకేజీ కడితే డిస్కౌంట్ అంటే, ఆలోచించి చెప్తా అని లేచి వచ్చేయండి. సిట్టింగ్‌కి సిట్టింగ్ డబ్బు కట్టడం మంచిది. డబ్బు లేదని ఆగిపోకండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది. కొత్త మొటిమలు ఆపే మందులు, సరైన సలహా అక్కడ దొరుకుతాయి. సగం యుద్ధం అదే కదా.

ఆఖరుగా మన ఫోన్ గురించి. గుంటలు ఎంత తీవ్రమో లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే ఒక పద్ధతి ఉంది, గుడ్‌మన్, బ్యారన్ అనే ఇద్దరు తయారు చేశారు. అందులో ఒక కొలత 50 సెంటీమీటర్లు. ఆ దూరం నుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనిపించకపోతే, గుంటలు తేలిక రకం కిందికి వస్తాయి. అంటే మూరెడు దూరం కంటే కాస్త ఎక్కువ. మనం మాత్రం కెమెరాని మొహానికి అంటించి, జూమ్ చేసి, పక్క నుంచి పడే లైట్‌లో చూసుకుని బాధపడతాం. ఎదుటి మనిషి మనల్ని అలా చూడడు. ఫోన్‌ని దీనికి వాడండి. నెలకోసారి, అదే కిటికీ, అదే టైమ్, బ్యూటీ మోడ్ ఆఫ్ చేసి మూడు ఫొటోలు, ఎదురుగా, ఎడమ, కుడి. రోజూ అద్దంలో తేడా తెలియదు. ఆరు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నా ఎడమ బుగ్గలో ఇప్పటికీ గుంటలున్నాయి, సైడ్ లైట్ పడితే ఈ వీడియోలో మీకూ కనిపిస్తాయి. ముందు కంటే బాగా తగ్గాయి, నాకది చాలు.

ఈ మచ్చల వల్ల కాలేజీ మానేస్తున్నా, బయటికి రావడం మానేసినా, బతుకు మీద విరక్తిగా అనిపిస్తున్నా, చర్మం డాక్టర్ ఒక్కరే చాలరు. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో మొహం దాచుకుని తిరుగుతుంటే, "మచ్చలేంటి అలా ఉన్నాయి" అని మాత్రం అనకండి. అది వాళ్లకి ఆల్రెడీ తెలుసు. "పద, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అనండి.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. మీ బాత్రూమ్ షెల్ఫ్‌లో ఉన్న ప్రతి ట్యూబ్ వెనక్కి తిప్పి మందు పేరు చదవండి. రేపు పొద్దున కిటికీ దగ్గర వేలితో టెస్ట్ చేసుకోండి. మరకో, పెచ్చో తేలిపోతుంది. అవసరమనిపిస్తే ఈ ఎపిసోడ్ లింక్ మీ హాస్టల్ గ్రూప్‌లో పడేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.